అభిరుచిగా తోలు పని

పదును చేసిన జంతు చర్మాన్ని కోసి, కుట్టి, నగిషీ చెక్కి, అంచులు మెరుగుపెట్టి చేత్తో వస్తువులు చేయడమే తోలు పని. బతుకుతెరువుగా ఇది మనిషికి తెలిసిన అతి పాత పనుల్లో ఒకటి. ఆదివారం మధ్యాహ్నం బల్ల ముందు కూర్చుని తన పర్సు తానే కుట్టుకునే సరదాగా మాత్రం దీని వయసు నూరేళ్ళకు అటూఇటూగా ఉంటుంది. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రాతబల్లకు మించిన చోటు పట్టదు. గూటం దెబ్బల చప్పుడును కింది వాటావాళ్ళు ఓర్చుకుంటే అపార్ట్‌మెంటులో కూడా నడిచిపోతుంది.

కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: తోలును గుడ్డలాగా చూడడం. తానులో ఏ మూల కోసినా గుడ్డ ఒకటే. తోలు అలా కాదు. అది ఒక జీవి ఒంటి మీద పెరిగింది. వీపు మీద గట్టిగా, పొట్ట కింద సాగుతూ, మెడ దగ్గర ముడతలతో ఉంటుంది. గుడ్డలో తప్పుగా గుచ్చిన సూది రంధ్రం కాసేపటికి పూడుకుంటుంది. తోలులో అది ఉండిపోతుంది. కుట్టు నేర్చుకోవడానికి నాలుగు ఆదివారాలు చాలు. తోలును చూసి అది దేనికి పనికొస్తుందో చెప్పగలగడానికి ఏళ్ళు పడుతుంది.

వృత్తి నుంచి సరదాకు

అర్మేనియాలోని అరెని-1 గుహలో 2008లో ఒక చెప్పు దొరికింది. వయసు సుమారు 5,500 ఏళ్ళు. ఒకే ఆవుతోలు ముక్కను పాదం చుట్టూ మలిచి, తోలుతాడుతో బిగించి, లోపల గడ్డి కూరారు. ఈనాడు చేత్తో చెప్పు కుట్టే మనిషి దాన్ని చూస్తే, ఎలా చేశారని అడగాల్సిన పని ఉండదు. కొయ్యపిడికి బిగించిన మొనదేలిన ఇనుప ఊచను మనం ఆరె అంటాం. అది ఎముకతో, రాతితో, రాగితో, ఉక్కుతో రూపాలు మార్చుకుందే కానీ, చేసే పని మార్చుకోలేదు.

తెలుగు పల్లెల్లో ఈ విద్య మాదిగవాడలో ఉండేది. పచ్చితోలుకు సున్నం పట్టించి వెంట్రుక ఊడగొట్టి, లంద అనే తొట్టిలో తంగేడు చెక్క రసం పోసి వారాల తరబడి నానబెట్టి పదును చేసేవారు. ఆ తోలుతో కిర్రుచెప్పులు, ఎద్దుల మెడపట్టెడలు, చెర్నాకోలలు, బావుల నుంచి నీళ్ళు తోడే మోటసంచులు తయారయ్యేవి. తోలు ముట్టుకున్నవాణ్ణి ఊరి బయట ఉంచిన సమాజమే, ఆ తోలుసంచితో తోడిన నీళ్ళతో పంట పండించుకుంది. తోలు పదును చేయడం ఒక రసాయన శాస్త్రమనీ, ఆ శాస్త్రజ్ఞులకు దక్కాల్సిన గౌరవం దక్కలేదనీ కంచ ఐలయ్య తన రచనల్లో గట్టిగా వాదించారు. ఈ మాట అభిరుచి వ్యాసంలో ఎందుకంటే, ఇవాళ ఖరీదైన వర్క్‌షాపుల్లో నేర్పే 'సహజ పదును', 'చేతికుట్టు' ఆ వాడలో రోజువారీ పనులే. చేసే మనిషి మారాడు, పని అదే.

ఈ విద్యను ప్రయోగశాలకు తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసిన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టారు. మద్రాసులో 1948లో మొదలైన కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టరుగా పనిచేశారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారు.

సరదాగా తోలు పని చేయడం ఒక వ్యాపారంగా స్థిరపడింది అమెరికాలో. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో 1919లో నార్టన్ హింక్లీ, డేవ్ టాండీ కలిసి చెప్పుల మరమ్మతు సరుకుల దుకాణం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో గాయపడిన సైనికులకు ఆస్పత్రుల్లో తోలు పని నేర్పేవారు; చేతివేళ్ళకు కసరత్తు, మనసుకు వ్యాపకం. అక్కడే మార్కెట్ ఉందని టాండీ కొడుకు చార్లెస్ పసిగట్టాడు. ముక్కలు ముందే కోసి, రంధ్రాలు ముందే పొడిచి, డబ్బాలో పెట్టి అమ్మే కిట్లు అలా ఊరూరా చేరాయి. ఆ డబ్బుతో ఎదిగిన టాండీ కంపెనీ 1963లో రేడియో షాక్ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థను కొని, 1977లో టీఆర్‌ఎస్-80 అనే వ్యక్తిగత కంప్యూటర్ని అమ్మింది. కంప్యూటర్ల చరిత్రలో తోలుముక్కల వాటా ఇంత ఉందని చాలామంది కంప్యూటర్ ఇంజనీర్లకు తెలియదు. చేతికుట్టు మీద ఇప్పటికీ అందరూ వెతుక్కునే పుస్తకం 1977లో వచ్చిన ఆల్ స్టోల్మన్ రచన. గుర్రపు జీను కుట్టేవాళ్ళ పద్ధతినంతా బొమ్మలతో విడమరిచి చెప్పాడాయన.

మన దేశంలో చదువుకున్న ఇళ్ళలోకి తోలు పని వచ్చింది బెంగాల్ దారిన. రవీంద్రనాథ్ ఠాగూర్ కుమారుడు రథీంద్రనాథ్, కోడలు ప్రతిమాదేవి చొరవతో 1920లలో శ్రీనికేతన్‌లో ఇది శిక్షణగా మొదలైంది. మేకతోలు, గొర్రెతోలు మీద అచ్చుతో నగిషీ అద్ది, బాతిక్ పద్ధతిలో రంగులేసిన ఆ సంచులు, పర్సులు నేటికీ శాంతినికేతన్ పేరుతో అమ్ముడవుతున్నాయి. భౌగోళిక గుర్తింపు కూడా పొందాయి.

తోలును చదవడం

చర్మాన్ని అడ్డంగా కోసి చూస్తే పైన సన్నటి, దట్టమైన పొర ఉంటుంది. వెంట్రుక రంధ్రాలు కనిపించేది దీని మీదే. కింద కొల్లాజెన్ నారలు అన్ని వైపులకూ అల్లుకున్న మందమైన పొర. పై పొరను చెక్కకుండా, రుద్దకుండా అలాగే ఉంచితే అది ఫుల్ గ్రెయిన్. పై పొరను సన్నగా రుద్ది మచ్చలు తీసేసి, మళ్ళీ రంగుపూత వేస్తే అది సవరించిన గ్రెయిన్. మందమైన తోలును పొరలుగా చీల్చగా మిగిలిన అడుగు పొరను స్ప్లిట్ అంటారు. దాన్ని నూగునూగుగా చేస్తే స్వేడ్. పై పొరనే సన్నగా రుద్ది నూగు తెప్పిస్తే నూబక్. దుకాణాల్లో వస్తువుల మీద కనిపించే 'జెన్యూన్ లెదర్' ముద్ర అది తోలే అని చెబుతుంది; ఎంత మంచి తోలో చెప్పదు. మొదటి తోలు కొనేటప్పుడు ఆ ముద్రను పట్టించుకోకపోవడమే మంచిది.

ఇక రెక్సిన్ అసలు తోలే కాదు. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊరి కంపెనీ గుడ్డకు పూత వేసి చేసిన సరుకు పేరది. ఆ ఊరి పేరు ఇంగ్లీషు చెవికి 'తోలు' అని వినిపించడం కాకతాళీయం. సీటు కవర్ల పుణ్యమా అని మనకు నకిలీ తోలంతా రెక్సినే అయింది.

పదును రెండు రకాలని తెలిస్తే చాలావరకు తెలిసినట్టే. చెట్ల బెరళ్ళు, కాయలు, చేవల్లోని టానిన్లతో చేసేది ఒకటి. మన వైపు తంగేడు, తుమ్మ, కరక్కాయ. యూరప్‌లో ఓక్, చెస్ట్‌నట్. దక్షిణ అమెరికాలో కెబ్రాచో. టానిన్లు నారల మధ్యకు నెమ్మదిగా చేరి వాటిని నింపుతాయి. ఇలా పదునైన తోలు గట్టిగా ఉంటుంది. తడిపితే మట్టిలా మలుచుకోవచ్చు, ఆరాక ఆ ఆకారం నిలుస్తుంది. ఎండకు, చేతి నూనెకు ఏళ్ళ తరబడి రంగు ముదురుతుంది. దక్షిణాదిన తంగేడు చెక్కతో పదును చేసిన మేక, గొర్రె, ఆవు తోళ్ళు 'ఈస్ట్ ఇండియా' పేరుతో మద్రాసు నుంచి లండన్ దాకా వెళ్ళేవి. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి దిగుమతైన వాటిల్ బెరడు తంగేడు చోటును చాలావరకు ఆక్రమించింది.

రెండోది క్రోమియం లవణాలతో చేసే పదును. 19వ శతాబ్దం రెండో సగంలో రూపుదిద్దుకుంది. వారాల పని రోజుల్లోకి వచ్చింది. తోలు మెత్తగా, తేలికగా, వేడికి తట్టుకునేలా తయారైంది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ తోలు ఇలా తయారైనదే. మద్రాసు ప్రాంతంలో ఈ పద్ధతిని 1903 ప్రాంతంలో మొదలుపెట్టిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దాన్ని ప్రయోగించిన వస్తువుల్లో రైతుల మోటసంచి ఒకటి. ఎప్పుడూ నీళ్ళలో నానే సంచికి నీళ్ళను తట్టుకునే తోలు కావాలి కదా. హాండ్‌బ్యాగులకు, జాకెట్లకు, బూట్లకు క్రోమ్ తోలు బాగుంటుంది. కానీ దాని మీద నగిషీ నిలవదు. అంచులు రుద్దితే మెరవవు. నగిషీ, బెల్టు, కత్తి ఒర, గట్టి పర్సు అనుకుంటే బెరడు పదునుదే తీసుకోవాలి.

రెంటికీ తేడా పట్టుకోవడానికి కోసిన అంచు చూస్తే చాలు: మధ్యలో లేతనీలం, బూడిదరంగు గీత కనిపిస్తే క్రోమ్. బెరడు పదునైతే గోధుమ రంగు. నీటిచుక్క వేస్తే బెరడు తోలు చప్పున పీల్చుకుని నల్లబడుతుంది.

మందం సంగతి. తెలుగులో 'తోలుమందం' తిట్టు. ఈ పనిలో అది కొలత. అమెరికా పుస్తకాలు మందాన్ని ఔన్సుల్లో చెబుతాయి. ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, దాదాపు 0.4 మిల్లీమీటర్లు. కాబట్టి 8 ఔన్సుల తోలంటే 3.2 మి.మీ. మన దుకాణాల్లో మి.మీ.లలోనే చెబుతారు. పర్సు లోపలి అరలకు 0.8 నుంచి 1 మి.మీ., పైముక్కకు 1.2 నుంచి 1.5, బెల్టుకు 3.5 నుంచి 4 మి.మీ. వాడతారు. విస్తీర్ణం మాత్రం చదరపు అడుగుల లెక్క. మేకతోలు మొత్తం 4 నుంచి 6 అడుగులు వస్తే, ఆవు లేదా గేదె తోలులో సగం 'సైడు' అంతకు చాలా రెట్లు వస్తుంది.

కొనేముందు సైడును బల్ల మీద పరిచి చేత్తో తడమాలి. వెన్నెముక పొడుగునా, దానికి ఇరువైపులా ఉన్న భాగంలో నారలు దట్టంగా ఉంటాయి. బెల్టులు, చేసంచి పట్టీలు అక్కడి నుంచే కోయాలి, అదీ వెన్నుకు సమాంతరంగా. భుజం మీద ముడతలుంటాయి, మలచడానికి మెత్తగా ఉంటుంది. పొట్ట భాగం చవక, కానీ లాగితే సాగుతుంది, బెల్టు చేస్తే ఆరునెలల్లో వంకర పోతుంది. గ్రెయిన్ లోపలికి వచ్చేలా మడిచి చూస్తే, పొట్ట భాగంలో పై పొర ముడతలు పడి లేచినట్టు కనిపిస్తుంది. అది నారలు వదులుగా ఉన్నాయనడానికి గుర్తు. మచ్చలు, పురుగు కుట్టిన గుర్తులు, వాత పెట్టిన ముద్రలు లోపాలే. అయితే ఫుల్ గ్రెయిన్ మీద చిన్న మచ్చను ఇష్టపడేవాళ్ళూ ఉన్నారు. ఆ జీవి బతికిందనడానికి అది సాక్ష్యం. నాకైతే పర్సు మూత మీద ఒక మచ్చ ఉంటే బాగుంటుంది, మడత మీద మాత్రం ఉండకూడదు.

చెన్నైలో పెరియమేట్, ఇంకా ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, కాన్పూరు, కోల్‌కతా తోలు వ్యాపారానికి పేరుపొందిన చోట్లు. చేతికళాకారులకు కావలసినంత చిన్న మొత్తాల్లో కావాలంటే మిగిలిన ముక్కలు తూకానికి అడగడమే తేలిక. మొదటి ఏడాదికి ముక్కలే చాలు.

పనిముట్లు

అవసరమైనవి తక్కువే, అమ్మేవి ఎక్కువ. తోలు కోయడానికి పదునైన కత్తి. పల్లె చర్మకారుల రంపె నుంచి పాశ్చాత్యుల అర్ధచంద్ర కత్తి వరకు ఎన్నో ఆకారాలున్నా, బ్లేడు మార్చుకునే కట్టరు, ఉక్కు స్కేలు ఉంటే సరిపోతుంది. పదును తగ్గిన కత్తితో బలం పెట్టి కోస్తే స్కేలు జారుతుంది, వేలు తెగుతుంది; ఈ పనిలో గాయాలకు ముఖ్య కారణం ఇదే. కోసే చెయ్యి, పట్టుకున్న చెయ్యి ఒకే గీతలో ఉండకుండా చూసుకోవాలి.

కుట్టు రంధ్రాలకు పళ్ళున్న ఉలి కావాలి. దాని పళ్ళ మధ్య దూరం 3, 4 లేదా 5 మి.మీ.; 4 మి.మీ. అన్నిటికీ నప్పుతుంది. గూటం కొయ్యది గాని, ప్లాస్టిక్‌ది గాని తీసుకోవాలి. ఇనుప సుత్తి ఉలి తలను చితక్కొడుతుంది. మొన మొద్దుగా ఉన్న రెండు సూదులు, మైనం పట్టించిన దారం, ఆరె, గీత గీసే విభాజిని, అంచు చెక్కే చిన్న పనిముట్టు, మెరుగుకు గాడులున్న కొయ్యకడ్డీ. నగిషీకి కింద బరువైన రాయి ఉండాలి. అందుకు గ్రానైటు దుకాణంలో పారేసే ముక్క అడిగి తెచ్చుకుంటే చాలు. చీమకుర్తి నల్ల గ్రానైటు మెరుగు ముక్క దొరికితే ఏ విదేశీ దుకాణం పలకా అక్కర్లేదు.

జిగురుగా చెప్పులు కుట్టేవాళ్ళు వాడే సొల్యూషన్ పనికొస్తుంది. రెండువైపులా పలచగా రాసి, తడి ఆరి అంటుకునే స్థితికి వచ్చాక కలిపి నొక్కాలి. తడిగా ఉండగానే అతికించేస్తే పట్టదు. ఆ వాసన ద్రావణిది, తలనొప్పి తెస్తుంది. కిటికీ తెరిచే పెట్టుకోవాలి.

జీనుకుట్టు

ఈ అభిరుచికి గుండెకాయ లాంటిది రెండు సూదుల కుట్టు. గుర్రపు జీనులు కుట్టినవాళ్ళ పద్ధతి కాబట్టి జీనుకుట్టు అంటాం. 1837లో పారిస్‌లో గుర్రపు సామాన్ల దుకాణంగా మొదలైన హెర్మెస్ సంస్థ నేటికీ తన సంచుల మీద ఈ కుట్టునే చెప్పుకుంటుంది.

కుట్టుమిషనులో పై దారం, కింది దారం మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. ఒకచోట తెగితే వరస మొత్తం వదులవుతుంది. జీనుకుట్టులో ఒకే దారం రెండు కొసలకూ రెండు సూదులు ఉంటాయి. ప్రతి రంధ్రంలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా దూరతాయి. ఒక వైపు దారం అరిగి తెగినా రెండో దారం ఆ రంధ్రాన్ని పట్టుకునే ఉంటుంది. మిషను కుట్టు వేగానికి, ఈ కుట్టు మన్నికకు.

పద్ధతి ఇలా నడుస్తుంది. అంచు నుంచి 3 నుంచి 4 మి.మీ. లోపలికి విభాజినితో గీత గీస్తారు. ఉలిని గీత మీద నిటారుగా పెట్టి గూటంతో కొడతారు; మరోసారి పెట్టేటప్పుడు మొదటి పన్నును చివరి రంధ్రంలోనే ఉంచితే దూరం తప్పదు. దారం కుట్టే పొడవుకు నాలుగింతలు తీసుకోవాలి, 30 సెం.మీ. కుట్టుకు 120 సెం.మీ. తోలును బిగించే కొయ్య పట్టకారు మధ్య పెట్టి, మొదటి రంధ్రంలోంచి దారాన్ని సగానికి లాగి, తర్వాత ప్రతి రంధ్రంలోనూ ముందు ఒక చేతి సూది, తర్వాత రెండో చేతి సూది. ఏది ముందో ఒకసారి నిర్ణయించుకుంటే చివరి దాకా అదే క్రమం. మధ్యలో మార్చితే కుట్టు వాలు మారి వెంటనే కనిపిస్తుంది. రెండో సూది మొదటి దారాన్ని పొడవకుండా దాని పక్క నుంచి వెళ్ళాలి. అందుకే సూది మొన మొద్దుగా ఉండాలి. ఆఖరున రెండు మూడు కుట్లు వెనక్కి వేసి, పాలిస్టరు దారమైతే కొసను లైటరుతో కాల్చి నొక్కుతారు. నూలు, అవిసె దారమైతే కోసేస్తే చాలు.

వీధి మూల చర్మకారుడు కొక్కెం ఉన్న ఆరెతో చెప్పు కుట్టేది వేరే కుట్టు. అది అడుగు నుంచి దారాన్ని కొక్కెంతో పైకి లాగి గొలుసు వేస్తుంది. చెప్పుకు అదే సరిపోతుంది. ఆ చేతివేగం జీనుకుట్టులో రాదు.

దారం మందం కూడా తూకం చూసుకోవాలి. 4 మి.మీ. ఉలికి 0.6 నుంచి 0.8 మి.మీ. దారం. కొత్తవాళ్ళు మందపాటి దారంతో చిన్న పర్సు కుట్టి, అది మూటకు కట్టిన తాడులా కనిపిస్తే బాధపడుతుంటారు.

అంచు, రంగు, నగిషీ

తోలు పనిలో చేయితిరిగినవాణ్ణి అంచు చూసి గుర్తుపడతారు. బెరడు పదును తోలు అంచును చెక్కి గుండ్రం చేసి, 400, 600 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, కాస్త తడిపి, ట్రాగకాంత్ బంక రాసి కొయ్యకడ్డీతో వేగంగా రుద్దితే నారలు అణిగి గాజులా మెరుస్తుంది. పైన తేనెమైనం పట్టిస్తే తడి చొరదు. ఇది ఓపిక పని, మరే రహస్యమూ లేదు. క్రోమ్ తోలుకు ఇది పనిచేయదు. దానికి అంచు రంగు పూత పూయాలి, లేదా అంచును లోపలికి మడిచి కుట్టాలి.

మడత, కుట్టు ఉన్న చోట్ల ముక్కల అంచును లోపలివైపు నుంచి సన్నగా చెక్కుతారు. 1.5 మి.మీ. తోలు మూడు పొరలు కలిస్తే 4.5 మి.మీ.; అంచును సగానికి చెక్కితే పర్సు జేబులో ఇటుకలా ఉండదు. ఈ చెక్కుడు చేతికి పట్టుబడే వరకు ముక్కలు పాడవుతూనే ఉంటాయి.

నల్ల రంగు ఒకటి వంటింటి రసాయనంతో చేసుకోవచ్చు. ఉక్కు పీచును వెనిగర్‌లో వేసి మూత వదులుగా పెట్టి కొన్నాళ్ళు ఉంచితే ఇనుము కరుగుతుంది. దాన్ని వడగట్టి బెరడు పదును తోలు మీద రాస్తే క్షణాల్లో నల్లబడుతుంది. తోలులోని టానిన్, ద్రవంలోని ఇనుము కలిసి నల్లటి పదార్థం అవుతాయి. రంగు పై పూత కాదు కాబట్టి ఊడదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తుప్పు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నల్ల గీతలు గీసేదీ ఇదే రసాయన చర్యతో. తోలుకు రంగు పట్టాక వంటసోడా నీళ్ళతో తుడిచి ఆమ్లం తగ్గించి, నూనె పట్టించాలి. ఇదే చర్య అనుకోకుండానూ జరుగుతుంది: తడి తోలు మీద ఇనుప స్కేలు మరిచిపోతే నీలి నల్ల మరక. నిమ్మరసం చాలావరకు దాన్ని వదిలిస్తుంది.

నగిషీ చెక్కడానికి తోలు తడి సరిగ్గా ఉండాలి. స్పాంజితో తడిపి, దాదాపు తొలి రంగుకు వచ్చేవరకు ఆరనిచ్చి, చెంపకు ఆనిస్తే చల్లగా తగిలే స్థితిలో మొదలుపెడతారు. తిరుగుడు కత్తితో గీతలు కోసి, గీత పక్కన అచ్చుతో కొట్టి నొక్కితే బొమ్మ లేచినట్టు కనిపిస్తుంది. గుర్రపు జీనుల మీద అల్లుకునే గులాబీ పూల నగిషీకి అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో షెరిడాన్ ఊరు ప్రసిద్ధం. పూలు చిన్నగా, తీగలు గుండ్రంగా ఒకదాన్నొకటి దాటుతుంటాయి. మన చేతికి మామిడిపిందె, లత, ముగ్గు చుక్కలు ఇంకా సహజంగా వస్తాయి. గాజుల అంచు, బాటిల్ మూత, స్క్రూ తల కూడా అచ్చులే.

కొన్ని వస్తువులు

మొదట చేయవలసింది కార్డుల జేబు. బ్యాంకు కార్డు ప్రపంచమంతా ఒకే కొలత: 85.6 × 54 మి.మీ. దానికి ఇరువైపులా కుట్టు అంచు 3.5 మి.మీ. చొప్పున, కార్డు కదలడానికి 4 లేదా 5 మి.మీ. కలిపితే ముక్క వెడల్పు 98 మి.మీ. వస్తుంది. కొత్తవాళ్ళు కార్డు కొలతకే కోసి, కుట్టాక కార్డు దూరక, ఆ జేబును తాళాల గుత్తి కింద మార్చేస్తారు.

మడత పర్సు దగ్గర నోటు కొలత వస్తుంది. ఇప్పటి 500 నోటు 150 × 66 మి.మీ.; అమెరికా డాలరు 156 × 66. అందుకని విదేశీ నమూనాలు మనకిప్పుడు బాగానే సరిపోతాయి. పాత 500 నోటు 167 × 73, పాత 1,000 నోటు 177 × 73 ఉండేవి. అప్పట్లో ఆ నమూనాలు చేసినవాళ్ళకు పర్సు పైన నోటు తొంగిచూసేది. రెండు వరుసల కార్డులు, మధ్య మడత కలిపి పర్సు విప్పితే 205 మి.మీ., ఎత్తు 90 మి.మీ. ఉంటుంది. ఇక్కడ ఒక లెక్క ఉంది: మడిచినప్పుడు వెలుపలి ముక్క లోపలి దానికంటే ఎక్కువ దూరం తిరగాలి. పొరల మధ్య దూరం 1.5 మి.మీ. అయితే పూర్తి మడతలో ఆ తేడా పై (π) గుణకం వల్ల 4.7 మి.మీ. అవుతుంది. అందుకని పైముక్కను లోపలి ముక్క కంటే 5 మి.మీ. పొడుగ్గా కోసి, మడిచిన స్థితిలోనే అతికించాలి. ఇది తెలియక కుట్టిన పర్సు మూయడానికి మొండికేస్తుంది. లోపలి ముక్క ముడతలు పడుతుంది.

బెల్టు చూడడానికి తేలిక, కుట్టు కూడా ఉండకపోవచ్చు. జీన్సుకు 38 మి.మీ., ఆఫీసు ప్యాంటుకు 30 మి.మీ. వెడల్పు. ప్యాంటు సైజు నమ్మకుండా, వాడుతున్న బెల్టును బకిల్ కడ్డీ నుంచి వాడే రంధ్రం దాకా కొలవాలి. ఆ దూరం వద్ద మధ్య రంధ్రం, దానికి అటు రెండు, ఇటు రెండు, 25 మి.మీ. ఎడంతో. గడియారం పట్టీకి లగ్గుల (పట్టీ బిగించే కొమ్ముల) మధ్య వెడల్పు చూసుకోవాలి, సాధారణంగా 20 లేదా 22 మి.మీ.; బకిల్ వైపు 75 మి.మీ., రంధ్రాల వైపు 120 మి.మీ. పొడవు. ఇది చిన్న వస్తువే, కానీ చెమట తగులుతుంది కాబట్టి లోపల సన్నటి మేకతోలు వేయాలి.

పదునే చేయని తోలుతో చేసే పనీ ఒకటుంది. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు మేకచర్మాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, గీరి, ఎండబెట్టి, వెలుతురు దూరే పలకలా చేసి, దాని మీద బొమ్మ గీసి రంధ్రాలు తొలిచి రంగులద్దుతారు. ఆటలకు గిరాకీ తగ్గాక లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు చేయడం పెరిగింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో లాంప్‌షేడ్ చేయాలనుకునేవాళ్ళకు ఇది మంచి దారి. అయితే పచ్చితోలు తడి తగిలితే మెత్తబడి ఆకారం పోతుందని గుర్తుపెట్టుకోవాలి.

పాము, ఉడుము, జింక చర్మాలను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. పాత ఇంట్లో దొరికిన ముక్కయినా వాడకూడదు. మేక, గొర్రె, గేదె తోళ్ళతో చేయగలిగినవి ఒక జీవితానికి చాలు.

వర్షాకాలంలో

తోలు వస్తువుకు మన వాతావరణంలో శత్రువు బూజు. బెరడు పదును తోలు ప్లాస్టిక్ సంచిలో పెడితే పది రోజుల్లో తెల్లటి నూగు వస్తుంది. పొడిగుడ్డతో ఆరుబయట దులిపి, నీడలో గాలికి ఆరబెట్టి, గుడ్డసంచిలోనో కాగితంలోనో పెట్టాలి. తడిసిన బెల్టును ఎండలోనో పొయ్యి దగ్గరో ఆరబెడితే బిరుసెక్కి పగులుతుంది. ఏడాదికి రెండుసార్లు పలచగా నూనె చాలు. ఎక్కువ పట్టిస్తే తోలు మెత్తబడి సాగుతుంది. వంటనూనె వద్దు, కంపు కొడుతుంది.

జీనుకుట్టు వేసిన వస్తువుకు దారం అరిగితే పాత రంధ్రాల్లోంచే మళ్ళీ కుట్టుకోవచ్చు. పాత దారాన్ని రంధ్రం రంధ్రం దగ్గర కోసి లాగేయాలి. కొత్త రంధ్రాలు పొడవకూడదు, అవి పాతవాటితో కలిసి అంచు తపాలా బిళ్ళ చింపినట్టు చిరిగిపోతుంది.